ఇతర విషయాలు

పెరంబూరులో మా తెలుగు సంఘానికి
పంతొమ్మిదేళ్లుగా మినిట్స్ రాసేవాణ్ణి నేను.
కోచ్ ఫ్యాక్టరీ స్టోర్సులో బోల్టులు లెక్కబెట్టిన చెయ్యి.
నా రాతలో కొట్టివేతలుండవు.

ఆ ఆదివారం మా ఆరాధన అయిపోయి
తమిళ ఆరాధనవాళ్లు మెట్ల దగ్గర చెప్పులు విడుస్తుంటే
వెస్ట్రీలో ఏడుగురం కూర్చున్నాం.
రేకుల కప్పు కారుతోంది: నలభై నిమిషాలు.
కోతపండుగ వేలంలో గుమ్మడికాయ బాకీ ఎవరిది: పావుగంట.
చివర్లో, టీ గ్లాసులు వెనక్కి వెళ్లిపోయాక
తీతుగారు జేబులోంచి ఒక మడత తీశారు.
"ఎవరో సహోదరి ఉత్తరం. ఇతర విషయాల కింద వేసుకో."

హెప్సిబా అని రాయబోయాను.
పేర్లొద్దులే, అన్నారు.

నాలుగు పేజీలు, రూళ్ల కాగితం.
'క'కు తలకట్టు కాస్త దూరంగా పెట్టే ఆ అలవాటు
నాకు తెలుసు.
ఇంట్లో తెలుగు మాట్లాడి బళ్లో అరవం చదివే పిల్లలకి
సండే స్కూల్లో ఆ అక్షరాలు దిద్దించింది నేనే.

చదివింది ఒకటిన్నర పేజీ.
కాగితం ఎగురుతోంది, ఫ్యాను ఆపమన్నారెవరో.
ఆపగానే అంతా మరీ స్పష్టంగా వినబడింది.
మళ్లీ వెయ్యమన్నారు.

తర్వాత జవాబు తయారుచేశాం.
చేశాం అంటున్నాను గానీ, కలం నాది.
'గాయం' బరువుగా ఉందన్నారు, 'మనస్తాపం' చేశాను.
'పదకొండేళ్లప్పుడు' దేనికి, 'గతంలో' చాలు.
'అయ్యగారు' తీసేస్తే వాక్యంలో కర్త పోయాడు.
తెలుగులో అదేం తప్పు కాదు,
'జరిగినట్లు' అంటూ క్రియ ఒక్కతే నడిచిపోతుంది.
గోడకవతల తమిళంలో పాట మొదలైంది,
కర్తర్, కర్తర్ అని.

ప్రార్థిస్తున్నాం అని ముగించాం ఉత్తరాన్ని.
ముగింపు ప్రార్థన రేకుల గురించి.

దైవజనుణ్ణి వేలెత్తి చూపకూడదన్న వచనం
నతానియేలుకి కంఠతా వచ్చు.
తిరుగటిరాయి వచనమూ వచ్చు,
పోయినేడు దాని మీదే గంటసేపు వాక్యం చెప్పాడు.
ఆ పూట గుర్తు రాలేదు.
కాసిమేడు సముద్రం ఇక్కడికి ఎంతో దూరం లేదు.

ఆమె మళ్లీ రాసింది. మేమూ మళ్లీ రాశాం,
వచ్చి కూర్చుని మాట్లాడు తల్లీ,
ఇంటి గుట్టు వీధిన పెడతావా అని.
రాలేదు.
అహంకారం అన్నారు.
మేం రమ్మన్న గది ఏది?
అదే వెస్ట్రీ. అదే గొళ్లెం.

గొళ్లెం సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

క్రిస్మస్ పాటల ప్రాక్టీసు అయిపోయిన ఒక సాయంత్రం, వాన.
హార్మోనియం పెట్టె తాళంచెవి ఇద్దామని వెనక్కొచ్చాను.
తలుపు లోపల గడియ.
గడప దగ్గర చిన్న చెప్పుల జత,
ఒకదానికి పట్టీ తెగితే పిన్నీసు గుచ్చి ఉంది.
తడదామని చెయ్యెత్తాను.
అయ్యగారు ప్రార్థనలో ఉన్నారేమో అనుకున్నాను.
తాళంచెవి కిటికీలో పెట్టి
పరిగెత్తి బస్సెక్కాను. కిటికీ సీటు దొరికింది.

అనుకున్నాను. ఎక్కాను.
ఈ వాక్యాలకి కర్త ఉన్నాడు.

రాత్రి మా ఆవిడ పడుకున్నాక పుస్తకం తెరిచి
ఇతర విషయాల కింద ఖాళీ జాగాలో రాశాను.
ఆమె పేరు. అయ్యగారి పేరు.
పిన్నీసు, వాన, గొళ్లెం.
నా పేరు ఇంటిపేరుతో సహా.
ఒకచోట చెయ్యి వణికి ఒక కొట్టివేత పడింది.

పైనెల మొదటి అంశం ఎప్పటిదే,
గత సమావేశపు మినిట్స్ చదివి ఆమోదించుట.
చదివేది నేనే.
గొంతు ఎంతవరకు లేస్తుందో తెలీదు.
ఫ్యాను స్విచ్చు మాత్రం
నా కుర్చీ వెనకే ఉంది.