ఎక్కుడు, దిగుడు

నీలం చొక్కా పిల్లగాడు మూడొందల ఎంబీ అన్నాడు.
ఎర్ర కరపత్రం వాళ్ళు
ఆర్నెల్లు కడితే ఒక నెల ఉచితం అన్నారు.
మా వారాసిగూడ గల్లీలో డబ్బా టీవీల కాలం నుంచీ
తీగలు లాగుతున్న బాలమల్లేశు
వేగం ఊసే ఎత్తలేదు.
"ఫోన్ జేస్తె వస్త" అన్నాడు.

ముగ్గుర్నీ ఒకటే అడిగాను: పైకి ఎంత?
కిందికి ఎంత దిగుతుందో అందరూ చెప్పారు.
సినిమాలు దిగుతాయి, ఆటలు దిగుతాయి.
నా ఇంట్లోంచి పైకి పోవాల్సినవి
నా రెండు చేతులు.

నాది సైగల పని.
ఎక్కడో ఆస్పత్రిలో డాక్టరు మాట నా చెవిన పడుతుంది,
వినపడని మనిషి ముందు, తెర మీద,
నా వేళ్ళు దాన్ని పలుకుతాయి.

శ్రావణంలో, కాన్పు గదిలో జులేఖా.
డాక్టరు "భయం లేదు" అంది.
"భయం" దగ్గర నా బొమ్మ గడ్డకట్టింది.
"లేదు" నా గదిలోనే ఉండిపోయింది.
పదకొండు సెకన్లు
ఆమె చూసింది
గుండె మీద వణకబోయి ఆగిన ఒక చేతిని.

ఆ రాత్రే వంటల నోట్‌బుక్ వెనక్కి తిప్పి గళ్ళు గీశాను.
పెరుగు తోడు అడిగినట్టు
పక్క వాటాల్లో పాస్‌వర్డులు అడిగి
మెట్ల మీద కూర్చుని కొలిచాను.
నీలం పొద్దున పులి;
రాత్రి తొమ్మిదికి సీరియళ్ళూ క్రికెట్టూ కలిసి
దాన్ని పిల్లిని చేస్తాయి.
ఎర్రది దిగుడు రెండొందలు, ఎక్కుడు నాలుగు.
బాలమల్లేశుది ఎక్కుడూ దిగుడూ వందే,
మెట్ల మీద.
నా గదిలో పన్నెండు.
ఎందుకో తట్టలేదు.

భాద్రపదం. గల్లీలోకి పెద్ద గణేశుడు.
కుర్రాళ్ళు కట్టెలతో తీగలు ఎత్తిపట్టారు.
దేవుడి కిరీటానికి జానెడు పైన
నా ఉద్యోగం ఊగింది,
తెగింది.

రాత్రి పదకొండున్నర, వాన.
ఫోన్ చేస్తే వచ్చాడు.
నిచ్చెన మీద, నోట్లో టార్చి,
వెంట్రుకంత గాజుపోగుని
వెంట్రుకంత గాజుపోగుకి అతికిస్తూ.
కింద బ్యాండు. అరిచినా వినపడదు.
చెయ్యి గుండ్రంగా తిప్పాడు: ఆపి మళ్ళీ పెట్టు.
కిటికీలోంచి రెండు వేళ్ళు చూపాను:
రెండు దీపాలు వెలిగాయి, మూడోది ఎర్రగానే ఉంది.
తల అడ్డంగా ఊపి మళ్ళీ విప్పాడు.
ఒక్క మాట లేకుండా
అరగంట మాట్లాడుకున్నాం.

తర్వాత తడి కాళ్ళతో గడప దగ్గరే నిలబడి
మెడ చాచి లోపలికి చూశాడు.
"డబ్బ ఇనుప బీరువ ఎనక వెడ్తె ఎట్లమ్మ?"

నాలుగేళ్ళుగా.
చూడ్డానికి బాగుండదని మేమే దాచాం.
నా చేతులు రోజూ
ఇనుమునీ పట్టుచీరల్నీ తోసుకుని
బయటపడుతున్నాయన్నమాట.

ఇప్పుడది బల్ల మీదుంది.
దాన్నుంచి నేరుగా కంప్యూటర్‌కి పసుపు తీగ,
మా అత్తయ్య కాలికి రోజుకోసారి తగులుతుంది,
రోజుకోసారి తిట్లు తింటుంది.
నీలం చొక్కా కార్డు పారెయ్యలేదు,
పులిహోర పేజీలో ఉంది.
వచ్చే భాద్రపదం ఎట్లా ఉంటుందో.

నిన్న మళ్ళీ జులేఖా. ఒళ్ళో పాప, టీకా.
డాక్టరు అదే మాట అంది.
భయం, అన్నాను.
లేదు, అన్నాను.
జులేఖా నవ్వి వేళ్ళు కదిపింది:
"ఆ రోజుది ఇప్పుడందింది."