ఆవగింజంత

బల్లారట్‌లో జులై ఆదివారం.
గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టుంది.
ఇరవై ఆరేళ్ల ఫాల్కన్ బానెట్ ఎత్తి
లోపలికి తల దూర్చాను.

కారుకి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ
మన భాషలో కారడం దాని పనే.
కింద కాంక్రీటు మీద అప్పడమంత మరక.
ఇంటి ఏజెన్సీ వాళ్ల ఉత్తరం వచ్చింది:
శుక్రవారం తనిఖీ, ఆలోగా మరక పోవాలి.
మెకానిక్ ఏడు వందలన్నాడు.
గ్యాస్కెట్ ఖరీదు నలభై రెండు డాలర్లు,
మిగతాదంతా తన చేతులకట.
చేతులు నాకూ ఉన్నాయి రెండు,
ఆసుపత్రి లాండ్రీలో పొద్దుగూకేదాకా
దుప్పట్ల మూలలు కలిపే చేతులు.

ముందు గాలి గొట్టం ఊడదీశాను.
తర్వాత వైర్లు. ఏది ఎక్కడిదో మర్చిపోకుండా
టేపు ముక్కల మీద ౧, ౨, ౩ అని రాసి అంటించాను.
బడిలో నేర్చుకున్న ఆ అంకెలకి
ఇన్నాళ్లకి ఒక పని దొరికింది.
కోడిగుడ్ల అట్టలో గుంటకో బోల్టు.
చివరిది మొరాయించింది.
దాన్ని బతిమాలాను, తిట్టాను,
నూనె పోసి టీ తాగి వచ్చాను.
అప్పుడు కదిలింది, నా మాట విన్నట్టు కాదు,
దానికే తోచినట్టు.

మూత లేచింది.
లోపలంతా నెయ్యి కాచాక అడుగున మిగిలే గసి రంగు.
పాత గ్యాస్కెట్ ఒడియంలా పెళపెళా విరిగింది.
రబ్బరుకి కూడా ముసలితనం మెత్తగా రాదు.

"మెర్వ్ అయితే ఇంకా గట్టిగా బిగించేవాడు"
కంచె మీంచి డోరీన్.
ఆమె దగ్గరే కొన్నాను దీన్ని, పద్దెనిమిది వందలకి,
మెర్విన్ పోయిన ఏడాది.
ఆ మాటతో అర్థమైంది.
కారినప్పుడల్లా ఇంకాస్త బిగించాడు,
బిగించి బిగించి నలిపేశాడు,
నలిగిన చోట సిలికాన్ పూశాడు.
ముందు మూలన ఆ ముద్దలో
బొటనవేలి ముద్ర ఒకటి,
గీతలన్నీ ఉన్నాయి,
మధ్యలో అడ్డంగా చిన్న కోత మచ్చ.

ఇనుముతో గీకితే అల్యూమినియం గాయపడుతుంది.
ప్లాస్టిక్ బ్లేడుతో, పసిదాని మాడు మీద పొక్కు తీసినట్టు
గంటన్నర గీకాను.
ఆ ముక్క ఒక్కటీ గోటితో లేపి
గుడ్ల అట్టలో ఖాళీ గుంటలో పెట్టి
కంచె మీంచి అందించాను.

డోరీన్ కళ్లద్దాలు నుదుటి మీంచి దించుకుంది.
"చేప కోస్తూ కోసుకున్నాడు" అంది.
ఏప్రన్ జేబులో వేసుకుంది.
లోపలికి వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి,
"ఎప్పుడూ ఎక్కువే పూసేవాడు."

కొత్తది గాడిలో కూర్చోబెట్టాను.
నడుమ నుంచి బయటికి,
ఈ పక్కొకటి, ఆ పక్కొకటి.
టార్క్ రెంచి టక్ అంటుంది.
టక్ అన్నాక వీసమెత్తు కూడా తిప్పకూడదు.
చెయ్యి మాత్రం తిప్పమంటుంది.
కారే దేన్ని చూసినా చేతికి అదే బుద్ధి.
పన్నంతటిలోకీ కష్టమైంది అదే,
ఆ టక్ దగ్గర ఆగడం.

రాత్రి కింద అట్ట పరిచాను.
మరక మీద పిల్లి ఇసుక చల్లి చెప్పుతో నూరాను.
పొద్దున ఆరింటికి, లాండ్రీకి వెళ్లే ముందు
మోకాళ్ల మీద వంగి టార్చి వేశాను.

ముందు వైపంతా పొడిగా ఉంది.
వెనక ఒక చుక్క.
ఆవగింజంత.
ఇది పైది కాదు, అడుగున సంప్ గ్యాస్కెట్ అయ్యుంటుంది.
దాని సంగతి దానికి.

పెన్సిల్‌తో చుట్టూ గుండ్రం గీసి
పక్కన తేదీ వేశాను.