ఆగుడు

అమీర్‌పేట హాస్టల్ల తొంబై మందికి వండుత.
తెల్లారకముందే ఇరవై కిలోల బియ్యం కడుగుత.
నా రుత్వికకు మాత్రం
ఒక్క చెంచా దిగదు.

ముక్కుల గొట్టం తీసి మూడు నెల్లు.
మంగళారం మంగళారం మూసాపేట దాక బస్సుల పోతం,
నుస్రత్ మేడం కాడికి.
మొదటి దినం ఆమె తినిపియ్యనే లేదు.
పెరుగు బల్ల మీద పోసి "ఆడుకో బిడ్డా" అన్నది.
మెతుకు కింద పడితే మా అవ్వ కొట్టిన చెయ్యి ఇది,
చూస్కుంట కూసున్న.

నీళ్లల్ల పొడి కలపాలె, తేనె లెక్క జారాలె.
గదుమ కొంచెం కిందికి.
చెంచా నాలిక మీద పెట్టి ఆగాలె.
నాకు ఆగుడు రాదు.
బువ్వ కాడ ఎవలు ఆగిన్రు మా ఇంట్ల?

"గట్టిగ పట్టి పొయ్యి, అదే మింగుతది" అన్నరు చుట్టాలు.
పోసిన ఒకపారి.
ఆ నీలం పెదవులు ఇంక కండ్లల్లనే ఉన్నయ్.

నిన్న పప్పుకట్టు, అర చెంచా.
నా రెండు వేళ్లు దాని గొంతు మీద.
మీదికి పోయి కిందికి దిగింది ఆ చిన్న బుడిపె,
లిఫ్టు లెక్క.
నోరు తెరిచి చూపెట్టింది: ఖాళీ.

ఇయ్యాల హాస్టల్ల ఒక పోరి
సాంబారుల ఉప్పు లేదని పళ్లెం నూకి
నీళ్లు గటగట తాగింది.
ఏమనలే.
దాని గొంతే చూస్కుంట నిలవడ్డ.