వెనక్కి పోగూడదు

ఇబ్రహీంపట్నంలో కరీముల్లా మాంసం కొట్టు.
పొద్దున్నే ఖాళీ కూల్‌డ్రింక్ సీసా ఇస్తాను,
మేకనెత్తురు నింపి ఇస్తాడు.
మొదటివారం అడిగాడు, ఎవరికయ్యా చేతబడి అని.
కుక్కకి చదువు, అన్నాను.
అప్పట్నించీ డబ్బులు తీసుకోడు.

దాని పేరు తాబేలు.
థర్మల్ స్టేషన్ బూడిదచెరువు గట్టున దొరికింది.
ఊరకుక్కే. ఒక చెవి నిలబడుతుంది, రెండోది ఒప్పుకోదు.
రేంజర్ సుభాషిణి మేడం చూసి
ఇంత నిదానంగా నడిచేది దేనికయ్యా పనికొస్తుంది అంది.
దీనికే, మేడం.
పరుగెత్తే కుక్క వాసన మీంచి దూకి పోతుంది.

సాయంత్రం కర్రకి స్పాంజి ముక్క కట్టి
సుబాబుల్ తోటలోంచి మూలపాడు వాగుదాకా
అడుగుకో చుక్క,
కొన్నాళ్ళకి పదడుగులకో చుక్క.
దుప్పి కాసేపు కూలబడి లేచినట్టు
ఒక్కచోట మాత్రం నాలుగు.
చివర, కేసు కొట్టేసిన పాత తోలు ముక్క.
రాత్రంతా వదిలేస్తాను.
మంచు పడాలి, చీమలు తినాలి, పందులు తొక్కాలి.
తెల్లారి పొడుగు తాడు కట్టి
వెతుకు, అంటాను. ఒక్కసారే.
రెండోసారి అన్నానంటే తొందర నాది.

మొదటి నెల కుందేళ్ళ వెంట పోయింది.
ఒకనాడు చుక్కలన్నీ తిరగేసి చదువుకుంటూ
నా బండి దగ్గరికే వచ్చి
సీసా మూత నాకుతూ కూర్చుంది,
పరీక్ష పాసైన మొహంతో.
నవ్వాపుకుని తాడు బిగించాను.
వెనక్కి పోగూడదు.
నెత్తురు ఎక్కడ మొదలైందో మనకి అక్కర్లేదు,
ఎటు పోయిందో అదే మన పని.
ఈ ఒక్క ముక్క ఎక్కడానికి సంక్రాంతి నుంచి ఉగాది పట్టింది.

ఆ తర్వాత సీసా మానేశాను.
నెత్తురు ఎంత దూరమని కారుతుంది?
హైవే మీద లారీ కొట్టేసిన పోతు గిట్టలు రెండు
మేడం సంతకం పెట్టి ఇప్పించింది.
కర్రలకి బిగించి, పొడుక్కాళ్ళ వేషంలాగా
రాళ్ళల్లో పొడుచుకుంటూ నడిచాను.
గిట్ట చీలికలో మైనంలాంటిది ఉంటుంది,
ప్రతి అడుక్కీ నేల మీద ముద్ర పడుతుంది.
మనకి కనపడదు.
తాబేలు మాత్రం ముక్కు ఆనించి
కోర్టు గుమాస్తాలాగా
ఒక్కో ముద్రా సరిచూసుకుంటూ పోతుంది.

ఆరుద్ర కార్తె. రాత్రి రెండు వానలు పడ్డాయి.
మామిడితోట కావలివాడు ఫోన్ చేశాడు:
ఆడదుప్పి, వెనక కాలు ఈడుస్తోంది, నిన్న మజ్జాన్నం చూశాను.
వెళ్ళేసరికి ఒక్క చుక్క లేదు, కడిగేసిన నేల.
వెతుకు, అన్నాను.
తాబేలు కంచె దగ్గర చాలాసేపు నిలబడింది.
నాకు చెమటలు.
పోనీ ఇంకోసారి అందామా అని నోరు తెరిచాను,
మూసుకున్నాను.
అప్పుడు కదిలింది.
బలుసు పొదల కింద, వాగు దాటి,
వాగు మళ్ళీ ఇటు దాటి,
కొండ వాలున ఒక బండ నీడలో ఆగి,
మొరగలేదు. పొట్ట నేలకానించి పడుకుంది.

ఎదురుగా దుప్పి.
పక్కటెముకలు ఎగురుతున్నాయి.
డాక్టర్ ప్రసూన సూది వేసింది,
కళ్ళకి నా తువ్వాలే కప్పాం.
కాలికి బైకు క్లచ్ వైరు, ఎముకదాకా కోసుకుపోయి.
బతుకుతుందా అంటే, రేపు చెబుతా అంది.
వైరు కత్తిరించి నా చేతికిచ్చింది.

ముడి చూశాను.
రెండు చుట్లు, లోపల్నించి ఒకటి, ఎడం చేతి వాటం.
కౌజుపిట్టల ఉచ్చు మీద
తొమ్మిదేళ్ళప్పుడు తిరపతయ్య మామ నాకు నేర్పిన ముడి.
నీళ్ళ బకెట్టుకి ఇవాళ్టికీ నేను అదే వేస్తాను.

ఎవరిదో తెలుస్తుందా, అని మేడం.
చూడాలండీ, అన్నాను.

దుప్పిని జీపెక్కించాక కూడా తాబేలు కదల్లేదు.
నా జేబులో వైరు వాసన చూసింది,
నా చెయ్యి చూసింది,
వచ్చిన దారికేసి తల తిప్పి
నిలబడే చెవి నిలబెట్టింది.

వెతకడానికి ఒక మాట ఉంది దానికి.
వెనక్కి పోవడానికి
నేనింకా మాట పెట్టలేదు.