ముంగటి వరుస

పదకొండో నిమిషం. యంత్రం ఇంకా లేవలేదు.
మరీ పెద్ద జ్ఞాపకం దానిది;
పేజీ పేజీకీ చీటీ అంటిస్తే గానీ
కన్ను తెరవనంటది.
నల్లతెర మీద కర్సర్ ఒక్కటే
రెప్పలార్పుతున్నది.

కిటికీ అవతల, మిర్యాలగూడ బైపాస్ మీద
మిల్లు గేటు తీస్తున్నడు సైదులు మేస్త్రీ.
పద్దుల పుస్తకం ఊపుతూ గుమాస్తా అరుపు:
"బస్తాలన్నీ ఎంచకుండనే లారీనెట్ల పంపుతవ్?"

బీడీ చెవిసందున దోపుకున్నడు సైదులు.
"ముంగటి వరుస ఎంచిన. ఈ లారీకి అది సాలు.
మిగిలింది, గోదాముకొకడు లోపల ఎంచుతనే ఉన్నడు."

నా లూపును రెండుగా తెంపిన.
ముంగటి వరుస నాకు.
తక్కింది, నోడుకొక దారం.

నలభై సెకన్లు.
పేరడుగుతున్నది తెర.
లోపల ఇంకా ఎంచుతనే ఉన్నరు.
కీబోర్డు మీద
సన్నగా ఊక దుమ్ము.