గుండ్రటి ఇంటికి కప్పు

పల్లాలరావు పంటు దిగి వచ్చాడు
సఖినేటిపల్లి వైపు నుంచి.
సంచిలో వంద కర్రగుండ్లు,
ఆవగింజలంత గాజుపూసలు మూడు రంగులవి,
వెంట్రుకల్లాంటి సూదులు ఆరు.
"ఈ నెల లేసు సంగతి మర్చిపోండి," అన్నాడు,
"గుండుకి చొక్కా తొడగాలి. కర్ర కనపడకూడదు."

సలోమి పెద్దమ్మ నవ్వింది.
నలభై ఏళ్ళు క్రోషా తిప్పిన చెయ్యి ఆమెది.
"దుప్పటికైతే నాలుగు మూలలుంటాయి.
గుండుకి మూలేది?
ఎక్కడ మొదలెట్టమంటావు నాయనా?"

మా నాన్న పెంకులు నేసేవాడు.
పాలకొల్లు నుంచి అంతర్వేది దాకా
ఆయన ఎక్కని కప్పు లేదనేది అమ్మ.
కింద నిలబడి అందిస్తూ చూసేదాన్ని.
రెండు పెంకుల సందులో మూడోది,
దాని పక్క సందులో ఇంకోటి.
ఏదీ ఇంకోదాని నెత్తిన సూటిగా కూచోదు.
వానకి దారి తెలియకూడదమ్మా, అనేవాడు.

పూసా అంతే.
రెండు పూసల మధ్య పంటిసందంత ఖాళీ,
అందులో ఒకటి.
సూది దూరుతుంది, దారం బిగుస్తుంది,
పూస తన చోట్లో కూచుని టిక్కుమంటుంది.
ఆ చప్పుడు వినాలంటే
రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు ఆగాలి.
అవి ఆగాలంటే కరెంటు పోవాలి.
కరెంటు పోతే పూస కనపడదు.

బెజ్జం చుట్టూ ఆరు పూసలతో మొదలు.
ఒక్కో చుట్టుకీ కాస్త పెంచుకుంటూ దిగాలి,
నడుము దగ్గర పెంచకా తుంచకా తిరగాలి,
అక్కణ్ణుంచి తగ్గించుకుంటూ రావాలి.
చుట్టు ముగిసిన చోట ఒక మెట్టుంది,
అక్కడ సూదిని ఒక పూసలోంచి కాదు,
రెండింట్లోంచి లాగాలి.
మర్చిపోతే అప్పటికప్పుడు ఏమీ తెలియదు.
నాలుగు చుట్లు పోయాక
వరస పక్కకి ఒరిగిపోతుంది,
లాకు తలుపు సరిగ్గా పడని కాలవలో నీళ్ళలాగ.
అలా విప్పేసినవి నాలుగు,
ఒకటి మాత్రం కోపంతో కత్తిరించేశాను.

గుండుకి ఇరవై రెండు రూపాయలు.
రాత్రి నిద్ర పట్టక లెక్కేశాను:
పూసకి పది పైసలు కూడా పడలేదు.

పెద్దమ్మ కళ్ళకి పొర వచ్చింది.
అందుకని పూసలు ఏరే పని ఆమెది.
పళ్ళెంలో పాత చీరముక్క పరిచి
వేలికొసతో ఒక్కోదాన్నీ అడిగేది,
లావా, సన్నమా, వంకరా అని.
వంకరవి పారబొయ్యమన్నాడు పల్లాలరావు.
ఆమె వాటిని అమృతాంజనం సీసాలో దాచింది.
ఎందుకే అంటే, ఊరికే అంది.

ముప్పై ఏడో గుండు మూసుకోలేదు.
చివరి బెజ్జం దగ్గర
మంచి పూసలన్నీ ఒకదాన్నొకటి తోసుకుని
బోరగిలి లేస్తున్నాయి.
గంటసేపు దానితో పోట్లాడాను.
పెద్దమ్మ గుండు అందుకుని తడిమి
సీసా నా ఒళ్ళో పెట్టింది.
"వొంగే చోట సన్నదే కావాలే.
మూలవాసం దగ్గర మీ నాన్న
పెంకు పగలగొట్టి మరీ పెట్టేవాడు కాదూ?"

గుప్పెట్లోంచి ఏరి వేశాను,
చిక్కిపోయినదాన్ని, చెక్కుపోయినదాన్ని.
మూసుకుంది.

వంద గుండ్లూ ఏరు దాటి పోయాయి.
ఏ మెడలోకో పల్లాలరావుకీ తెలియదు.
సీసాలో సగం మిగిలింది.
గట్టు మీద దొరికిన గచ్చకాయ ఒకటి ఉంది నా దగ్గర,
అటు గుండ్రనా కాదు, ఇటు పలకనా కాదు.
మూడు రాత్రులు పట్టింది.
రంగులకి వరసా లేదు, వావీ లేదు,
కానీ ఎక్కడా సందు లేదు.

పెద్దమ్మ బొటనవేలితో చుట్టూ తడిమింది.
"ఎక్కడ మొదలెట్టావే?"
చూశాను. నాకే దొరకలేదు.
చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.
లోపల ఎండిన పప్పు కదిలింది.

"ఇంట్లో ఎవరో ఉన్నారే," అంది.