కింది గీతలు

తొమ్మిదీ పదిహేనుకి
కాశీబుగ్గలో నాకోసం రెండు తెరుచుకుంటాయి.
జీడిపప్పు మిల్లులో లెక్కల గది,
ఫోనులో మార్కెట్టు.

లెడ్జరు చాటున పెట్టుకుని చూస్తాను.
పచ్చ కొవ్వొత్తి, ఎర్ర కొవ్వొత్తి,
ఒత్తి పైకీ ఉంటుంది కిందకీ ఉంటుంది
వెలుగే, ఎటూ ఉండదు.

అందరిలాగే నేనూ పైనే చూశాను మొదట్లో.
ఏదో పంపుల కంపెనీ,
మూడు నెలలు ఒకే గీతకి తల బాదుకుని
ఒక బుధవారం దాటింది.
ఎగిరి పట్టుకున్నాను,
చీటీ డబ్బులు, పద్దెనిమిది వేలు.
శుక్రవారానికి అది గీత కింద,
నేను దాని కింద.

ఆ రాత్రి కనబడ్డాయి,
ధర కాళ్ళ దగ్గర పొట్టి పొట్టి గీతలు.
ఎంత సరుకు చేతులు మారిందో
నోరు విప్పకుండా చెప్పేవి.
నా బుధవారం కింద ఉన్నది
మినపగింజ ఎత్తు లేదు.

సిగ్గేసింది.
ఇది నాకు చిన్నప్పుడే చెప్పారు.
పిక్కల సీజన్లో కొట్టు అరుగు మీద
బీడీ ఆరిపోయినా పీలుస్తూ
బ్రోకరు దండాసి మావ:
"బస్తా పద్నాలుగేలని అరుస్తన్నాడని పరిగెట్టీకు గుంటా.
ఆటోలు లెక్కెట్టు.
మందస నుంచి ఎన్నొచ్చినాయి,
దింపినవెన్ని, దింపకుండా ఎల్లిపోయినవెన్ని.
ధరకి నోరే ఉంటాది.
సరుక్కి కాళ్ళుంటాయి."

కొట్టు గోడకి రోజుకో సున్నం గీత గీసేవాడు,
ఆటోలు ఎక్కువొస్తే పొడుగు, తక్కువైతే పొట్టి.
తిత్లీ గాలికి తోటలు పడుకున్న ఏడాది
ధర నెత్తికెక్కి కూర్చుంటే
మావ కొనలేదు, అమ్మలేదు.
గీయడానికి ఏమీ లేక
సున్నం డబ్బా మూత పెట్టేశాడు.

ఈవేళ మళ్ళీ అదే పంపుల కంపెనీ,
అదే గీత.
రెండున్నరకి దాటింది.
ఈసారి అడుగున తాటిమానంత గీత లేచింది.
ఇదీ అదను.
వేలు బటన్ మీద పెట్టాను.

అప్పుడే మోహిని హాజరు పుస్తకం తెచ్చి
బల్ల మీద పడేసి వెళ్ళింది.
పొట్టు తీసే షెడ్డులో ఈవేళ పందొమ్మిది మంది.
పేజీలు వెనక్కి తిప్పాను.
పోయిన నెల ఇరవై ఆరు.
ఉగాదికి నలభై ఒకటి.
గోడ మీద బోర్డులో మాత్రం
రెండు వందల నలభై నంబరు పప్పు
వారం వారం పెరుగుతూనే ఉంది.
ఓనరు లోకనాథం గారు
కొత్త సైన్‌బోర్డుకి అడ్వాన్సు రాయమన్నారు పొద్దున్నే.

పుస్తకం వెనక అట్ట మీద
పెన్సిలుతో ఆరు నెలలు గీశాను.
పైన పచ్చ.
కింద, నెల నెలకీ పొట్టి.
నా జీతం ఈ బొమ్మలోనే ఉంది,
దీన్ని అమ్ముకునే బటన్ ఏ ఫోన్లోనూ లేదు.

తల ఎత్తేసరికి మూడున్నర.
కంపెనీ నన్ను వదిలేసి వెళ్ళిపోయింది,
నాలుగు శాతం, బాగానే వెళ్ళింది.
ఏడుపు రాలేదు, కొంచెం వచ్చింది.

ఇంటికెళ్తూ షెడ్డు గుమ్మం దగ్గర ఆగాను.
లోపల ఎవరో రేట్ల గురించే మాట్లాడుతున్నారు.
నేను వినలేదు.
చెప్పులు లెక్కపెట్టాను.
పద్దెనిమిది జతలు,
ఒక మూల విడిగా
పిన్నీసు గుచ్చిన మోహిని చెప్పులు.